సంగీతం టీచర్లకు ఒకరోజు వర్క్‌షాప్, సాయంత్రం కచేరీ: ఎక్కడెక్కడ దెబ్బతింటుంది?

మీరు అడిగింది ఇది: కర్ణాటక సంగీతం నేర్పే టీచర్లు 30 మంది వస్తారు. పొద్దున ఒక విద్వాంసుడి సోదాహరణ ప్రసంగం, మధ్యాహ్నం చర్చ, సాయంత్రం వచ్చినవాళ్లంతా తలా ఐదు నిమిషాలు పాడే కచేరీ. ఈ ప్లాన్ సరిపోతుందా, ఏమైనా మార్చాలా?

చాలా మార్చాలండి. ముందు సాయంత్రం లెక్క చూడండి. 30 మంది తలా ఐదు నిమిషాలు పాడితే 150 నిమిషాలు. ఒకరు దిగి ఇంకొకరు ఎక్కి శ్రుతి (ఆధార స్వరం) చూసుకోవడానికి రెండేసి నిమిషాలు వేసుకున్నా ఇంకో 58. మొత్తం దాదాపు మూడున్నర గంటలు. పాడేసినవాళ్లు వెళ్లిపోతుంటారు, ఆఖర్న పాడేవాళ్లకు ఖాళీ కుర్చీలు మిగులుతాయి.

పొద్దున పెట్టిన ప్రసంగం వినడానికి బాగుంటుంది, కానీ దాన్ని వర్క్‌షాప్ అనలేం. టీచర్లకు రాగలక్షణం తెలియక కాదు ఇబ్బంది. పదేళ్ల పిల్ల రెండో కాలంలో (రెట్టింపు వేగంలో) తాళం వదిలేస్తే ఆ క్షణంలో ఏం చేయాలన్నది వాళ్లకు కావలసింది. అది వింటే రాదు, నలుగురి ముందు చేసి చూపించి దిద్దుకుంటేనే వస్తుంది. ప్రసంగం తప్పదనుకుంటే 40 నిమిషాలకు కుదించి పొద్దునే ఉంచండి, భోజనం తర్వాతకు జరపకండి.

రిజిస్ట్రేషన్ ఫారంలో పేరు, ఫోన్ నంబరుతో పాటు ఇంకో నాలుగు అడగండి: పాడే శ్రుతి (వాద్యమైతే వాద్యం, దాని శ్రుతి), శిష్యుల వయసు, ఒక తరగతిలో ఎంతమంది, తరగతిలో తరచూ ఎదురయ్యే ఒకే ఒక ఇబ్బంది ఒక్క వాక్యంలో. ఈ చివరిది చదివితే రోజుకు విషయం దానంతటదే తేలుతుంది. సాధారణంగా తాళం, శ్రుతి, సాధన చేయకపోవడం అన్న మూడే తిరిగి తిరిగి వస్తాయి. వాటిలో ఒక్కటే పట్టుకోండి. "గమకాలు, మనోధర్మం, గొంతు సంరక్షణ, ఆన్‌లైన్ బోధన" అని నాలుగూ పోస్టర్ మీద వేస్తే ఒక్కటీ పూర్తికాదు.

అసలు పని మైక్రోటీచింగ్. 1960ల్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో టీచర్ల శిక్షణ కోసం మొదలైన పద్ధతి ఇది, సంగీతానికి చక్కగా అతుకుతుంది. 30 మందిని ఆరుగురు చొప్పున ఐదు గుంపులు చేయండి. ఒక్కొక్కరు ఆరు నిమిషాలు నేర్పాలి, తర్వాత నాలుగు నిమిషాలు దాని మీద చర్చ. గంటలో గుంపు మొత్తం అయిపోతుంది. ఇరవై నిమిషాల విరామం ఇచ్చి, అదే పాఠాన్ని నాలుగేసి నిమిషాల్లో మళ్లీ నేర్పించండి. సమయం చాలడం లేదని నిర్వాహకులు మొదట కోసేసేది ఈ రెండో విడతనే. ఫలితం కనిపించేది మాత్రం అక్కడే.

ఇందులో ఒక చిక్కుంది. పిల్లల స్థానంలో కూర్చున్నది టీచర్లు కాబట్టి అంతా సరిగ్గా పాడేస్తారు, నేర్పేవాళ్లకు పని ఉండదు. అందుకని చీటీలు రాసి పంచండి, ఒక్కో చీటీలో ఒక్క తప్పు: "రెండో కాలంలో చెయ్యి కూడా వేగంగా వెయ్యి", "రిషభం కొంచెం ఎక్కువ పట్టు", "సమం (తాళం మొదటి దెబ్బ) తర్వాత అరక్షరం ఆలస్యంగా అందుకో", "పక్కవాళ్లని చూసి పాడు". నేర్పేవాళ్లకు చీటీ చూపించకూడదు. తప్పు ఎవరిదో, ఏమిటో ఆరు నిమిషాల్లో పట్టుకుని దిద్దాలి. ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుని టీచర్ మాట్లాడిన సమయం, "పిల్లలు" పాడిన సమయం విడివిడిగా రాయాలి. "బాగా చెప్పారండి" అన్న మర్యాద మాటలకంటే ఆ రెండు అంకెలే ఎక్కువ చెబుతాయి. టీచర్ మాట సగం దాటితే ఆ పాఠం మళ్లీ ఆలోచించుకోవలసిందే.

గదుల సంగతి ముందే చూసుకోండి. ఒకే హాల్లో ఐదు మూలల్లో కూర్చోబెడితే ఐదు శ్రుతిపెట్టెలు ఒకదాని మీద ఒకటి పడి ఎవరి పాట వాళ్లకే వినిపించదు. గదులు చాలకపోతే వరండా అయినా పరవాలేదు, తలుపులు మూసిన హాలుకంటే అదే నయం.

తాళం విషయంగా తీసుకుంటే ఏం చేయించాలో చెబుతాను. ఆదితాళంలో (ఎనిమిది అక్షరాల తాళం) సరళీవరుస (తొలి స్వరపాఠం), మెట్రోనోమ్ 60 మీద, అంటే నిమిషానికి 60 దెబ్బలు. ఒక ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకు) ఎనిమిది సెకన్లు. ఒకటో కాలంలో నిమిషానికి 60 స్వరాలు, రెండో కాలంలో 120, మూడో కాలంలో 240. చాలామంది టీచర్లు ఒకటో కాలమే 80 దగ్గర ఎత్తుకుంటారు, మూడో కాలానికి 320 అవుతుంది. పిల్లల నాలుక తిరగక స్వరాలు మింగేస్తారు, మనం "సాధన చాలదు" అంటాం. తప్పు ఎత్తుకోవడంలోనే ఉంది. మూడో కాలం శుభ్రంగా పాడగలిగే వేగం కనుక్కుని, దాన్ని నాలుగుతో భాగించి ఒకటో కాలం మొదలుపెట్టమనండి. కొత్త పిల్లలకు అది 45 దగ్గరే తేలవచ్చు. విసుగనిపించినా అదే సరైన చోటు.

రెండో కాలంలో చెయ్యి పరుగెత్తడానికి కారణం వేరే. పిల్ల ఒక్కో స్వరానికి ఒక్కో దెబ్బ అని ముడివేసుకుంది. స్వరాలు రెట్టింపు కాగానే దెబ్బలూ రెట్టింపవుతాయి. "చెయ్యి చూసుకో" అంటే ఆ ముడి విడిపోదు. సగం తరగతి పాడకుండా తాళం మాత్రమే వేయాలి, సగం తాళం వేయకుండా పాడాలి. రెండు ఆవర్తనాలకోసారి ఆపకుండా మారాలి. ఆ మారే చోట ఎవరు తడబడతారో చూడండి, ముడి ఉన్నది వాళ్లకే.

శ్రుతి విషయంగా తీసుకుంటే మాయామాళవగౌళ (సరళీవరుసలు నేర్పే రాగం) చాలు, వేరే రాగం అక్కర్లేదు. శుద్ధ రిషభం (రి) నుంచి అంతర గాంధారానికి (గ) మూడు అరస్వరాల ఎడం. ఆ గెంతుకు ముందే సిద్ధపడి పిల్లలు రిషభాన్ని పైకి లాగేస్తారు. పూర్వాంగంలో స-రి-గ-మ ఎడాలు ఎలా ఉన్నాయో ఉత్తరాంగంలో ప-ద-ని-స అలాగే ఉంటాయి కాబట్టి, ఒకటి పాడించి వెంటనే రెండోది పాడిస్తే తేడా వాళ్ల చెవికే తెలుస్తుంది. ఇక గాంధారం. తంబూర మంద్ర షడ్జం (కింది స) తీగలో అంతర గాంధారం స్వయంభువుగా, అంటే దానంతటదే, వినిపిస్తుంది, బ్రిడ్జి మీది నూలుపోగు సరిగ్గా కుదిరితే మరీ స్పష్టంగా. స్థాయిని (స నుంచి పై స వరకు) 1200 సెంట్లుగా చూస్తే అది షడ్జానికి 386 సెంట్ల దగ్గర ఉంటుంది. కీబోర్డు గాంధారం 400 దగ్గర, అంటే 14 సెంట్లు పైన. కీబోర్డు నొక్కి స్వరాలు నేర్పి, తర్వాత తంబూరతో పాడమంటే పిల్లలు గాంధారం దగ్గర తడుముకోవడానికి ఇదొక కారణం. టీచర్లను కళ్లు మూసుకోమని రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినిపించండి, పది నిమిషాల పని. అక్కడ వాదనలు లేస్తాయి, లేవనివ్వండి.

లేవనివ్వకూడని వాదన పాఠాంతరం (ఒకే పాటను ఒక్కో గురువు ఒక్కోలా నేర్పడం) గురించి. "మా గురువుగారి దగ్గర ఈ సంగతి (ఒకే పంక్తిని మార్చి పాడే తీరు) ఇలా కాదు" అని ఒకరు మొదలుపెడితే ఆ పూట అయిపోయినట్టే. ఈ రోజు ఎలా నేర్పాలో చూస్తున్నాం, ఏది సరైన పాఠమో తేల్చడం లేదు అని మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పేయండి.

అందరూ కలిసి పాడేటప్పుడు ఆడవాళ్లు ఐదు, ఐదున్నర శ్రుతి దగ్గర, మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర దగ్గర ఉంటారు (హార్మోనియం లెక్కన ఒకటి అంటే C, ఐదు అంటే G). మధ్యేమార్గమని మూడు శ్రుతి పెడితే మగవాళ్లకు తారస్థాయిలో గొంతు బిగుస్తుంది, ఆడవాళ్లకు మధ్య షడ్జంలోనే నాదం పోతుంది. ఇద్దరికీ నష్టం. ఐదులో ఆడవాళ్లు పాడుతుంటే మగవాళ్లు తాళం, తర్వాత ఒకటిలో తిరగేయండి.

ఇక కచేరీ. పొద్దున్న గుంపులే సాయంత్రం బృందాలు. ఐదు బృందాలు, తలా పది నిమిషాలు, మధ్యలో మూడేసి నిమిషాలు: 62 నిమిషాలు. కృతి వద్దు. ఆరుగురి సంగతులు ఆరు రకాలుగా ఉంటాయి, మధ్యాహ్నం 40 నిమిషాలు కలిసి పాడి చూసుకున్నంతలో కలవవు. గీతం గానీ రెండు కాలాల్లో తానవర్ణం గానీ పెట్టుకుని, స్వరం రాసిన కాగితం రెండు వారాల ముందే పంపండి. పై పారాలో చెప్పిన గొడవ బృందగానంలోనూ వస్తుంది కాబట్టి, గుంపులు కట్టేటప్పుడే ఫారంలోని శ్రుతి చూసి ఒక శ్రుతివాళ్లను ఒకచోట వేయండి. ఒకటి శ్రుతి బృందాలన్నీ వరుసగా, తర్వాత ఐదు శ్రుతివి. అటూ ఇటూ మారిస్తే వయొలిన్ తీగలు కొత్తగా బిగించినవి జారుతూనే ఉంటాయి. మృదంగం విషయంలో మారడం కుదరనే కుదరదు: తగ్గు శ్రుతికి ఒకటి, హెచ్చు శ్రుతికి ఒకటి, రెండు మృదంగాలు కావాలని కళాకారుడికి ముందే చెప్పాలి. వేణువూ అంతే, ఒక్కో శ్రుతికి ఒక్కో వేణువు. వీణలు ఎక్కువగా రెండు, మూడు శ్రుతుల మధ్య ఉంటాయి కాబట్టి వాళ్లను గాత్రంతో కలపకుండా విడి బృందం చేయడం మేలు.

హాలు ఏసీ సరిగ్గా కచేరీ మొదలయ్యేముందు కాదు, గంట ముందే వేసి ఉంచండి. గాలిలో తేమ తగ్గితే మృదంగం చర్మం బిగిసి శ్రుతి పెరుగుతుంది. వాద్యాలు ఆ గాలికి అలవాటుపడ్డాక శ్రుతి చేస్తేనే నిలుస్తుంది.

మైకుల దగ్గర అందరూ చేసే పొరపాటు ఆరుగురికి ఆరు మైకులు పెట్టడం. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, కూత పెట్టకముందు పెంచగలిగే ధ్వని సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. బృందాన్ని అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి గాత్రానికి రెండే మైకులు పెట్టండి. నోటికి మైకు ఎంత దూరమో, మైకుకూ మైకుకూ దానికి మూడింతల దూరం ఉండాలి. కార్డియాయిడ్ మైకైతే (ముందు వైపు ధ్వనినే ఎక్కువగా పట్టేది) మానిటర్ (పాడేవాళ్ల వైపు తిప్పిన స్పీకర్) సరిగ్గా దాని వీపు వైపు ఉండాలి. ఆ మానిటర్‌లో అన్నిటికంటే ముందు వినిపించాల్సింది శ్రుతి. సౌండ్ చూసే అబ్బాయికి ఈ ఒక్కమాట విడిగా చెప్పండి, లేకపోతే గొంతులు పెంచి శ్రుతిని తగ్గించేస్తాడు.

తర్వాత పిలిచిన కళాకారుల కచేరీ గంటంపావు పెట్టుకోవచ్చు. మధ్యలో ఆపి వివరించమని వాళ్లను అడగకండి, కచేరీ చెడిపోతుంది. టీచర్ల చేతికే మూడు ప్రశ్నల కాగితం ఇవ్వండి: ఏ కాలప్రమాణం (వేగం) ఎత్తుకున్నారు, అది ఎక్కడైనా మారిందా, తడబాటు వచ్చినచోట ఎలా సర్దుకున్నారు.

వెళ్లేముందు ముగ్గురేసి జట్లుగా పేర్లు రాసుకోమనండి. ఆరు వారాల్లో ఒక్కొక్కరూ తమ తరగతి ఆడియో రెండు నిమిషాలు రెండుసార్లు పంపుకోవాలి, ఒకటి మొదటి వారంలో, ఒకటి చివర్లో, రెండిట్లోనూ అదే వరుస, అదే పిల్లలు. సర్టిఫికెట్లు ఆ రోజు సాయంత్రమే పంచేయకుండా, ఈ రెండో రికార్డింగ్ అందాక ఇస్తామని ఫారంలోనే రాసెయ్యండి. కొందరు గొణుగుతారు, కానీ రికార్డింగులు మాత్రం వస్తాయి.