అణ్వాయుధాల భద్రత: బాంబు లోపలి తాళాలు, బాంబు చుట్టూ ఉన్న మనుషులు

అణ్వాయుధాలున్న దేశాలు అవి పొరపాటున పేలకుండా ఎలా చూసుకుంటాయి, ఇప్పటి సాంకేతికతతో ఆ ప్రమాదం దాదాపు పోయినట్టేనా, మన దేశంలో ఈ పర్యవేక్షణ ఎవరి బాధ్యత అని అడిగారు. నేను అణుశాఖలో పని చేసినవాణ్ణి కాను. హైదరాబాద్ శివార్లలో రాకెట్లకు వాడే ఘన ఇంధనం తయారుచేసే ఒక కర్మాగారంలో, సేఫ్టీ విభాగంలో ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందాను. కాబట్టి అణ్వాయుధాల గురించి నేను చెప్పేదంతా బహిరంగంగా దొరికే సమాచారమే. చూసే కన్ను మాత్రం పేలే పదార్థం పక్కన పని చేసినవాడిది.

ముందుగా ఆయుధం లోపలి సంగతి చెబుతాను, ఎందుకంటే అక్కడ నిజంగానే గట్టి పని జరిగింది. 1961 జనవరి 24న అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, గోల్డ్స్‌బరో దగ్గర ఒక బి-52 విమానం గాలిలోనే విరిగిపోయి రెండు హైడ్రోజన్ బాంబులు కింద పడ్డాయి. అందులో ఒకదాని పారాచూట్ తెరుచుకుంది, పేలడానికి ముందు జరగవలసిన దశలు చాలావరకు వరుసగా జరిగిపోయాయి, చివరికి తక్కువ వోల్టేజితో పనిచేసే ఒక స్విచ్చు మాత్రమే అడ్డుపడింది. 1966లో స్పెయిన్‌లోని పాలోమారెస్‌లోనూ, 1968లో గ్రీన్‌లాండ్‌లోని థూలే దగ్గరా అణు విస్ఫోటనం జరగలేదు గానీ, బాంబుల్లోని మామూలు పేలుడు పదార్థం పేలి ప్లుటోనియం చెల్లాచెదురైంది. మామూలు పరిస్థితుల్లో ఒక ఆయుధం జీవితకాలం మొత్తంలో పొరపాటున అణు విస్ఫోటనం జరిగే అవకాశం వంద కోట్లలో ఒకటికి మించకూడదనీ, మంటలు, కూలిపోవడాల వంటి ప్రమాదాల్లో పది లక్షల్లో ఒకటికి మించకూడదనీ అమెరికా 1968లో ప్రమాణం పెట్టుకుంది. దాన్ని అందుకోవడానికి శాండియా ప్రయోగశాల ఇంజనీర్లు రెండు రకాల భాగాలను జతచేశారు. మొదటిది, ఒక ప్రత్యేకమైన సంకేతం అందితే తప్ప విద్యుత్తును లోపలికి పోనివ్వని బలమైన అడ్డు. రెండోది, పేలడానికి తప్పనిసరి అయి ఉండి కూడా, మంటల్లో ఆ అడ్డు చెడిపోయేలోపే తాను ముందుగా, తిరిగి పనికిరాకుండా చెడిపోయే బలహీనమైన భాగం. ప్రమాదంలో ఏది ముందు చెడిపోవాలో కూడా ముందే నిర్ణయించి పెట్టడం నా దృష్టిలో ఈ రంగంలోని అత్యుత్తమ ఆలోచన.

అయినా ఆయుధం ఒక్కదాన్నే చూస్తే చాలదు. 1990లో భౌతిక శాస్త్రవేత్త సిడ్నీ డ్రెల్ అధ్యక్షతన నివేదిక ఇచ్చిన అమెరికా నిపుణుల సంఘం జలాంతర్గాములలోని ట్రైడెంట్-2 క్షిపణి గురించి లేవనెత్తిన అభ్యంతరం చదివినప్పుడు నాకు వెంటనే మా గోదాములు గుర్తొచ్చాయి. ఆ క్షిపణిలో వార్‌హెడ్లు, అంటే అది మోసుకెళ్లే అణుబాంబులు, మూడో దశ రాకెట్ మోటారు చుట్టూ అమర్చి ఉంటాయి. ఆ మోటారులో వాడేది 1.1 తరగతి ఇంధనం, అంటే మొత్తం రాశి ఒక్కసారిగా పేలగల రకం. మేము ఎక్కువగా తయారుచేసిన 1.3 తరగతి ప్రధానంగా భీకరంగా మండే స్వభావం గలది. మా గోదాముల్లో ఈ రెండింటినీ ఒకే గదిలో ఉంచనిచ్చేవారు కాదు; తలుపు పక్కనే లోపల ఎందరు ఉండవచ్చో, ఎన్ని కిలోలు ఉండవచ్చో పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. అలాంటిది, 1.1 ఇంధనం చుట్టూ వార్‌హెడ్లు పేర్చడం, పైగా ఆ వార్‌హెడ్లలో దెబ్బలకూ వేడికీ సులువుగా పేలని రకం పేలుడు పదార్థం కూడా వాడకపోవడం బరువు, దూరాల లెక్కలో తీసుకున్న నిర్ణయం. అక్కడ భద్రత ఓడిపోయిందని నేననను. బేరంలో కొంత వదులుకుందని మాత్రం అంటాను.

ఇక మనుషుల సంగతి. 2007 ఆగస్టులో అమెరికాలోని మైనట్ స్థావరంలో ఆరు అణు వార్‌హెడ్లున్న క్రూయిజ్ క్షిపణులను ఖాళీవనుకుని విమానానికి తగిలించి లూసియానాలోని బార్క్స్‌డేల్‌కు తీసుకెళ్లారు. దాదాపు ఒకటిన్నర రోజు పాటు అవి లేవన్న సంగతే ఎవరికీ తెలియలేదు. తనిఖీ చేయవలసినవాళ్లు చాలామంది ఉన్నారు; విమాన సిబ్బందిలో ఒకరు ఒక రెక్క కింద ఉన్న, నిజంగానే ఖాళీవైన క్షిపణులను మాత్రమే చూసి సరిపెట్టుకున్నారు. తాళాలన్నీ పక్కాగా పనిచేసినా, ఆయుధం ఎక్కడుందో తెలియని స్థితి అది.

నాకిది కొత్త కాదు. మా దగ్గర ఇంధనం కలిపే గదిలో ఒకరు పనిలోని ఒక్కో మెట్టును బిగ్గరగా చదవాలి, రెండోవారు తిరిగి చెప్పి చేయాలి, ప్రతి మెట్టుకీ సమయం వేసి ఇద్దరూ సంతకం పెట్టాలి. అమెరికాలో అణ్వాయుధాలను విడదీసి, కూర్చే పాంటెక్స్ కర్మాగారంలోనూ ఇలాగే చదివేవారు, చేసేవారు వేరువేరుగా ఉంటారు. ఒకసారి మా కర్మాగారం తనిఖీలో ఈ సంతకాల పాత షీట్లు తిరగేస్తుంటే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉన్న సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, గడి దాటకుండా కుదురుగా ఉన్నాయి. చేతికి గ్లవ్స్ వేసుకుని, నిలబడి, హడావుడిగా పెట్టిన సంతకం అలా ఉండదు. షిఫ్ట్ అయ్యాక టేబుల్ దగ్గర కూర్చుని అన్నీ ఒకేసారి నింపారు. వాళ్లు బద్ధకస్తులు కారు, మంచి పనివాళ్లు. నెల లక్ష్యం పూర్తిచేయాలన్న ఒత్తిడిలో, ఇద్దరు చేయవలసిన పనిని ఒక్కరితోనే కానిచ్చారు. రెండు సంతకాలుంటే రెండు జతల కళ్లు చూసినట్టేనని పైన కూర్చున్నవాళ్లు లెక్కేసుకుంటారు. వంద కోట్లలో ఒకటి అనే అంకె బాంబు లోపలి భాగాల గురించి చెప్పగలదు గానీ, ఈ సంతకాల గురించి చెప్పలేదు.

1980 సెప్టెంబరులో అర్కాన్సాస్‌లోని డెమాస్కస్ దగ్గర టైటన్-2 క్షిపణి పేలిపోవడానికి కారణం కూడా చేయి జారిన, నట్లు బిగించే పనిముట్టు తాలూకు ఒక సాకెట్టే. అది కింద పడి ఇంధన ట్యాంకును చీల్చింది. ఒకరు మరణించారు, తొమ్మిది మెగాటన్నుల పేలుడు శక్తిగల వార్‌హెడ్ ఎగిరి బయట పడింది, పేలలేదు.

అందుకే పర్యవేక్షించేవారు ఎవరి కింద ఉన్నారన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. మా సేఫ్టీ విభాగం మొదట ఉత్పత్తి అధికారి కిందే ఉండేది; మేము రాసిన అభ్యంతరాలు ఆయన టేబుల్ మీదే ఆగిపోయేవి. తర్వాత నేరుగా సంస్థ అధిపతికి నివేదించే ఏర్పాటు వచ్చాక, అవే అభ్యంతరాలకు రాతపూర్వకంగా సమాధానం రావడం మొదలైంది. అమెరికా పార్లమెంటు 1988లో అణ్వాయుధ కర్మాగారాల కోసం ఒక స్వతంత్ర భద్రతా మండలిని ఏర్పాటు చేసింది. దానికి పని ఆపించే అధికారం లేదు, సిఫారసులు మాత్రమే చేయగలదు. కానీ రహస్యం కాని నివేదికలను అది బయటపెడుతుంది, కాబట్టే పాంటెక్స్‌లోని లోపాల గురించి హైదరాబాద్‌లో కూర్చుని నేను చదవగలిగాను.

మన దగ్గర 1983లో అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడింది. 2000 సంవత్సరంలో, మన అణ్వాయుధాల పనితో ముడిపడ్డ భాభా అణు పరిశోధనా కేంద్రానికి (బార్క్‌కు) చెందిన కేంద్రాలను దాని పరిధి నుంచి తప్పించి, ఆ బాధ్యతను బార్క్ అంతర్గత వ్యవస్థకే అప్పగించారు. రహస్యం కాపాడుకోవలసిన అవసరాన్ని నేను కాదనను. ఆ వ్యవస్థలో సమర్థులు లేరనీ అనను. అయితే రహస్యాలు చూసే అర్హత ఉండి, ఆ సంస్థ అధిపతికి జవాబుదారీ కాని పర్యవేక్షకులను నియమించడం అసాధ్యం కాదు. 2011లో పార్లమెంటు ముందుకు వచ్చిన అణుభద్రతా నియంత్రణ ప్రాధికార సంస్థ బిల్లులో, రక్షణ అవసరాల కేంద్రాలను మినహాయించి వాటికి వేరే నియంత్రణ సంస్థ పెట్టుకునే వీలు కల్పించారు. 2014లో లోక్‌సభ గడువు ముగియడంతో ఆ బిల్లు మురిగిపోయింది.