ఆడ జెర్బిల్స్ తెచ్చుకునే ముందు

చి. అమ్ములుకు పెద్దమ్మ ఆశీస్సులు.

తిరుపతి బైరాగిపట్టెడ ఇంట్లో రెండు ఆడ జెర్బిల్స్‌ (ఎలుకల్లాంటి చిన్న జంతువులు) పెంచుతావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కొనకముందే వాటి గురించి చదువుతున్నావంటే గర్వంగా ఉంది. "ఆడవే కదా, కొట్టుకోవు" అన్నావంట, ఆ మాటకే భయమేసింది. మగజంటకంటే ఆడజంటే ఎక్కువగా చెడుతుంది. గుంపులో పిల్లల్ని కనేది మామూలుగా ఒక్క ఆడదే. ఇంకోటి పోటీకొస్తే తరిమేస్తుంది. మంగోలియా బయళ్లలో అయితే పారిపోతుంది, తొట్టిలో యాడికి పోతుంది? అందుకే ఒకే ఈతలోని అక్కచెల్లెళ్లను తెచ్చుకో, మూడోది వద్దు.

గాజుతొట్టి, జానెడు మందాన పొట్టు, ఇసుక గిన్నె, నీళ్ల సీసా నువ్వే చూసుకుంటావు. ఎండ 40 దాటే రోజుల్లో గదిని 25 డిగ్రీల దగ్గర ఉంచలేకపోతే మాత్రం ఈ ఆలోచనే మానుకో.

ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. ఒకదానికి బాగాలేదని వారం పక్కనపెట్టి, నయమయ్యాక గమ్మున పాత తొట్టిలో వదిలేస్తారు. వాటికి గుర్తు వాసనే. ఆ వాసన మారితే సొంత చెల్లెలైనా పరాయిదే, తెల్లారేసరికి ఒకటి చచ్చి ఉండొచ్చు. అలా విడదీసినవాటిని మళ్లీ కలపాలంటే తొట్టి మధ్యలో సన్నకంతల ఇనుప వల రెండు పొరలుగా, నడుమ అరంగుళం ఎడంతో పెట్టు. ఒక్క పొరే ఉంటే కాలివేళ్లు కొరుక్కుంటాయి. రోజుకు రెండు మూడుసార్లు అటుదాన్ని ఇటు, ఇటుదాన్ని అటు మార్చు. ఒకదాని గూట్లో ఇంకోటి పడుకోవాలి. వారం పట్టొచ్చు, మొండివైతే మూడు వారాలు. వలకు ఆనుకుని దగ్గరగా నిద్రపోయే రోజు, రెండింటికీ కొత్తదైన చిన్న డబ్బాలో కలుపు. ఆ రోజంతా అక్కడే కూర్చో, తోలు గ్లౌజు పక్కనే ఉండాలి. వెంట్రుకలు నిక్కబొడుచుకుని పక్కవాటుగా మీదికొస్తే విడదీయి. బంతిలా చుట్టుకుని దొర్లితే ఇక అది చంపుకునే పోట్లాటే. తోక పట్టి మాత్రం లాగొద్దు తల్లీ, చర్మం ఊడి చేతికొస్తుంది, మళ్లీ రాదు. ఒకసారి రక్తం కారేలా కొట్టుకున్నాయంటే వేరుగానే పెంచు, జాలిపడి కలపొద్దు.

తరుముకున్న ప్రతిసారీ కంగారుపడకు. నాలుగైదు రోజులకోసారి ఎదకొస్తాయి. ఆ సాయంత్రం వెంటపడతాయి, వెనక్కాళ్లతో నేల దబదబా కొడతాయి, తర్వాత ఒకే గూట్లో పడుకుంటాయి. ఒకటి విడిగా పడుకుంటున్నా, తోక మొదట్లో గాట్లు కనిపించినా అప్పుడు భయపడు.

షాపువాళ్లు మగదాన్ని ఆడదని ఇస్తే 24 నుంచి 26 రోజుల్లో పిల్లలు. ఈనిన రోజే మళ్లీ జతకడతాయి, పాలిచ్చే తల్లి, గూటి దగ్గర చెయ్యి పెడితే కొరుకుతుంది కూడా.

ఏడాది దాటాక వారానికోసారి వంటింటి త్రాసులో తూచు. మగది లేకుండానే పొట్ట రెండువైపులా ఉబ్బి, పక్కల్లో వెంట్రుకలు పలచబడితే అది కడుపు కాదు, అండాశయంలో నీటితిత్తి అయ్యుండొచ్చు. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా వెటర్నరీ యూనివర్సిటీ ఆస్పత్రికి తీసుకుపో. పొట్ట నడుమ వాసనగ్రంథి మీద పొక్కు, గడ్డ కనిపించినా అంతే. స్ట్రెప్టోమైసిన్ జెర్బిల్స్‌కి విషం, ఆ సంగతి డాక్టరుతో నువ్వే గుర్తుచెయ్యి.

ఎండలు తగ్గాక తెచ్చుకో. తొట్టి వెడల్పు, ఎత్తు కొలిచి పంపు, మీ పెదనాన్నతో వల కోయించి పంపిస్తాను. అది చేరకముందు జెర్బిల్స్‌ని ఇంటికి తేవద్దు.

మీ పెద్దమ్మ,
చిత్తూరు