పాత గ్రేడ్‌బుక్‌లోని పేర్లు, మార్కులు మూడుల్ (Moodle, ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్)లోకి ఎలా మార్చాలి?

మళ్లీ టైప్ చేయక్కర్లేదు. పాత సాఫ్ట్‌వేర్ నుంచి సీఎస్‌వీ (CSV, కామాలతో విడదీసిన పట్టిక) ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

ముందు విద్యార్థులను కోర్సులో చేర్చండి, ఆ తర్వాతే మార్కులు. మార్కుల ఫైల్ కొత్త విద్యార్థులను చేర్చదు. ఇంపోర్ట్ చేసేటప్పుడు ఏ కాలమ్‌ని బట్టి విద్యార్థిని గుర్తుపట్టాలో మూడుల్ అడుగుతుంది. ఐడీ నంబరో, ఈమెయిలో ఇవ్వండి, పేరు మీద ఆధారపడకండి. ఇద్దరు సాయికుమార్‌లు లేని సెక్షన్ మన దగ్గర ఎక్కడుంది?

అసలు తలనొప్పి ఎక్సెల్‌తో. సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే అడ్మిషన్ నంబరు 00457 కాస్తా 457 అయిపోతుంది. అలాగే సేవ్ చేశారంటే సున్నాలు పోయినట్టే, మార్కులు ఎవరికీ ఎక్కవు. అందుకే ఫైల్‌ని డేటా మెనూ నుంచి తెచ్చుకుని, ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టండి. పేర్లు తెలుగులో ఉంటే యూటీఎఫ్-8 (UTF-8, తెలుగు అక్షరాలు చెడకుండా ఉంచే పద్ధతి) సీఎస్‌వీగానే సేవ్ చేయాలి, లేదంటే ప్రశ్నార్థకాలే మిగులుతాయి.

పరీక్షకు రానివాళ్ల గడిలో 0 వేయకండి, ఖాళీగా వదిలేయండి. 0 కూడా మార్కే. గరిష్ఠ మార్కులూ సరిచూసుకోండి. 25కి పెట్టిన పరీక్ష 100కి లెక్కయితే 24 వచ్చిన పిల్లాడు కూడా ఫెయిలే! ముందు ఇద్దరు ముగ్గురి మార్కులతో చిన్న ఫైల్ ఎక్కించి చూడండి.