కోడలి సేవ, అత్తగారి బెంగ

(పెంపుడు జంతువులు, పశువులు, వాటితో కాపురం చేసే మనుషుల సందేహాలకు ఒక రిటైర్డ్ పశువైద్యాధికారి జవాబులు)

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ. కొడుకు పోలేపల్లి సెజ్‌లో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. కోడలు హైదరాబాద్ పిల్ల. దెబ్బ తగిలిన కుక్కలకు, పిల్లులకు సేవ చేయడం పెళ్లికి ముందు నుంచే అలవాటు. ఇక్కడికి వచ్చాక కూడా ప్రతి ఆదివారం ఊరి బయట కొందరు నడిపే షెల్టర్‌కు పోతుంది. ఇప్పుడు తనకు మూడో నెల. పోయిన నెల చెప్పాపెట్టకుండా మూడు కుక్కపిల్లలను తెచ్చి మిద్దె మీద పెట్టింది. మూడింటికీ రక్త విరేచనాలు. నేనే గంజి కాచి తాపి, రాత్రంతా పక్కన కూర్చున్నాను. అయినా ఒకటి దక్కలేదు. ఫినాయిల్‌తో ఎంత కడిగినా నా మనసు ఒప్పడం లేదు. అంతకుముందే తెచ్చిన ఒంటికన్ను పిల్లి ఒకటి ఇంట్లోనే తిరుగుతుంది. పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే బిడ్డకు ముప్పని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు. కొడుకుతో అంటే ‘అమ్మా, నువ్వు ఊరుకో’ అంటాడు. బర్రెలు, మేకల మధ్య పెరిగినదాన్ని, నాకు జీవాలంటే అసహ్యం లేదు. కానీ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. కోడలితో ఈ పని మాన్పించాలా?
– పేరు రాయవద్దు, మహబూబ్‌నగర్

జవాబు: మాన్పించకండి అమ్మా. చేసే పని మార్చుకోమనండి.

ముందు మీ నిద్ర చెడగొట్టిన వెంట్రుక సంగతి చూద్దాం. పిల్లి వెంట్రుకతో కడుపులో బిడ్డకు ఏమీ కాదు. అసలు జాగ్రత్త పడాల్సింది పిల్లి మలంతో. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కొన్ని పిల్లుల మలంలో ఉంటుంది. గర్భిణికి అది కొత్తగా సోకితే బిడ్డకు ప్రమాదమే. అయితే మలం పడిన వెంటనే అది అంటదు, కనీసం ఒక రోజు గడిస్తేనే అంటుకునే దశకు వస్తుంది. కాబట్టి పిల్లి మట్టి పెట్టెను రోజూ తీసి శుభ్రం చేస్తే సగం భయం తీరినట్టే. ఆ పని మీ కోడలు చేయకూడదు. మీరూ చేయొద్దు. ‘నువ్వు ఊరుకో’ అన్న మీ అబ్బాయి చేత చేయించండి. నైట్ షిఫ్టు నుంచి వచ్చాక అయిదు నిమిషాల పని. పిల్లికి పచ్చి మాంసం పెట్టకండి, ఉడికించిందే పెట్టండి. ఇంకో సంగతి, ఈ పరాన్నజీవి సరిగ్గా ఉడకని మాంసం నుంచి, మట్టి అంటిన ఆకుకూరల నుంచి కూడా వస్తుంది. పిల్లిని బయటకు గెంటేసి ఆదివారం మటన్ సగం ఉడికించి తింటే లాభం లేదు. ఇంట్లో పిల్లి ఉందని కాన్పు డాక్టరమ్మకు ఒక మాట చెప్పండి, పరీక్ష అవసరమా కాదా అనేది ఆమె చూసుకుంటుంది.

ఇక మిద్దె. మీరు రాసిన లక్షణాలను బట్టి అది పార్వో అయ్యుంటుందని నా అనుమానం. టీకా పడని కుక్కపిల్లలను తుడిచిపెట్టే జబ్బు అది. మనుషులకు అంటదు, కోడలి కడుపుకు దానివల్ల ఏ భయమూ లేదు. మీరు గంజి తాపి మంచి పనే చేశారు కానీ, వాంతులు, రక్త విరేచనాలతో ఒళ్లు ఎండిపోయిన పిల్లకు నోటితో తాపింది నిలవదు. సెలైన్ ఎక్కించాలి. మిగతా రెండూ బతికే ఉంటే ఈ రోజే పశువుల ఆస్పత్రికి తీసుకుపోండి.

ఈ వైరస్‌కు ఫినాయిల్ లెక్క లేదు. నేల మీద నెలల తరబడి బతికి ఉంటుంది. మురికంతా సబ్బు నీళ్లతో కడిగేశాక, ఒక వంతు ద్రవ రూపంలోని బ్లీచ్‌కు ముప్పై వంతుల నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలు ఉంచి మళ్లీ కడగాలి. బ్లీచ్‌లో ఫినాయిల్, యాసిడ్ లాంటివి ఏవీ కలపకూడదు, విషవాయువు వస్తుంది. కోడలిని ఆ పూట మిద్దె ఎక్కనివ్వకండి. చాలామంది సేవకులకు తట్టని సంగతి ఇంకొకటుంది. మీ మిద్దె మీద నడిచిన చెప్పులతోనే ఆమె ఆదివారం షెల్టర్‌కు పోతే, అక్కడి కుక్కపిల్లలన్నింటికీ జబ్బు మోసుకుపోయినట్టే. షెల్టర్‌కు వేరే చెప్పులు, వేరే బట్టలు ఉండాలి. టీకా విడతలు పూర్తికాని కుక్కపిల్లను కొన్ని నెలల దాకా ఆ మిద్దె మీదికి తేవద్దు. పార్వో టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండేదాకా విడతలుగా వేయించాలి.

అన్నింటికంటే నాకు భయం కలిగించింది మీరు రాయని విషయం. ఆమె రేబిస్ టీకా వేయించుకుందా? వీధి కుక్కలను ముట్టుకునే ప్రతి ఒక్కరూ కరవకముందే వేయించుకోవాలి. మొదటి రోజును సున్నాగా లెక్కబెట్టి, 7వ రోజున ఒకటి, 21 లేదా 28వ రోజున ఇంకొకటి, మొత్తం మూడు డోసులు. ఇప్పటిదాకా వేయించుకోకపోతే డాక్టరమ్మను అడిగి నిర్ణయించుకోండి. కరిస్తే మాత్రం ఆలోచించడానికి ఏమీ లేదు. సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి, వెంటనే ఆస్పత్రికి పోవాలి. గర్భం ఉందని ఈ టీకా ఆపరు. ముందే మూడు డోసులు పడినవాళ్లకు కూడా కరిచాక మళ్లీ రెండు డోసులు వేయాలి. అచ్చంపేట వైపు పనిచేసిన రోజుల్లో గాయానికి సున్నం, కారం పెట్టుకుని, ఆకు పసరు పిండుకుని వచ్చినవాళ్లను చూశాను. ఈ కాలంలో కూడా చదువుకున్న ఇళ్లలో పసుపు అద్ది కట్టు కట్టేస్తున్నారు. ఏదీ పూయొద్దు.

టీకా ఉన్నా సరే, కాన్పు అయ్యేదాకా దెబ్బ తిన్న కుక్కను ఆమె ఎత్తకూడదు. నొప్పిలో ఉన్న కుక్కకు కాపాడేవాడెవడో కొట్టేవాడెవడో తెలియదు. మీ పుట్టింటి నుంచి ఎవరైనా బర్రెను కట్టిపోతే దానికీ ఇదే జాగ్రత్త. ఈసుకుపోయిన, అంటే నెలలు నిండకముందే కడుపు పోయిన, బర్రె మాయను, చచ్చిపుట్టిన దూడను గర్భిణి ముట్టకూడదు. ఈసుడు రోగం, అంటే బ్రూసెల్లోసిస్, మనుషులకు అంటుతుంది. మన పల్లెల్లో కుక్క కంటే దీనివల్లే ఎక్కువ భయపడాలని నా ఉద్దేశం. కానీ బర్రె పాలిస్తుంది కాబట్టి ఎవరూ దాన్ని అనుమానించరు!

మరి కోడలు షెల్టర్‌లో ఏం చేయాలి? అక్కడ కుక్కపిల్లలను ముద్దు చేయడానికి మనుషులకు కరువు ఉండదు. ఏ కుక్కకు ఏ రోజు టీకా పడిందో రిజిస్టర్ రాసేవాళ్లు, పెంచుకోవడానికి తీసుకుపోయిన ఇంటికి నెల తర్వాత ఫోన్ చేసి ‘ఎట్లుంది, కట్టేసి ఉంచుతున్నారా’ అని అడిగేవాళ్లు, దాతల డబ్బుకు లెక్క రాసేవాళ్లు దొరకరు. ఇదంతా ఇంట్లో కూర్చుని చేసే పని. ఆమె ఒప్పుకుంటే షెల్టర్‌వాళ్లు ఎగిరి గంతేస్తారు.

ఇప్పుడు మీ మాట. చస్తున్న కుక్కపిల్ల పక్కన రాత్రంతా కూర్చున్న మనిషికి కుక్కల మీద కోపం ఉండదు. మీ ఉత్తరంలో బరువంతా ‘చెప్పాపెట్టకుండా’ అన్న మాటలోనే ఉందనిపించింది. ఆ కష్టం న్యాయమైనదే. తెచ్చింది ఆమె, గంజి కాచింది మీరు, కడిగింది మీరు, ఏడ్చింది కూడా బహుశా మీరే. అందుకే ముగ్గురూ కూర్చుని ఒక్క షరతు పెట్టుకోండి: మీకు ముందు ఫోన్ చేయకుండా గడప దాటి ఏ జీవమూ లోపలికి రాకూడదు. వచ్చినా, ఏ తారీఖున తిరిగి తీసుకుపోతారో, మందుల ఖర్చు ఎవరిదో షెల్టర్‌వాళ్లు కాగితం మీద రాసివ్వాలి. రెండు రోజులకని వచ్చి ఆ ఇంట్లోనే ముసలిదైపోయిన కుక్కలను చాలా చూశాను. అవి సుఖంగానే ఉంటాయి, ఇంటివాళ్ల మధ్యే మాటలుండవు.

ఆ పిల్ల వైపు నుంచి కూడా ఒక్కసారి చూడండి. కొత్త ఊరు, షిఫ్టుల మొగుడు. ఆదివారం ఆ షెల్టర్‌లోనే నాలుగు మాటలు మాట్లాడే మనుషులు దొరుకుతున్నారేమో. వేవిళ్ల సమయంలో అది కూడా మూసేస్తే మీకు చెప్పకుండా పోవడం మొదలవుతుంది. అప్పుడు కుక్క కరిచినా చెప్పదు. నాకు అదే అసలు ప్రమాదంగా కనిపిస్తోంది.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడూ వాడి దోస్తులూ పత్తి చేనులో దొరికిన నెమలి పిల్లను కాపాడామని ఇంటికి తెచ్చారు. పెంచుకోవచ్చా?
– ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: వద్దు. నెమలిని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మంచి మనసుతో తెచ్చామన్నా కుదరదు. దొరికిన చోటు మీకు తెలిస్తే, ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేసి ఆ చోటు కూడా చెప్పండి. చాలాసార్లు తల్లి ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అబ్బాయిని మాత్రం తిట్టకండి. అంత ఉత్సాహం ఉంటే ఎండాకాలం ఇంటి ముందు సిమెంటు తొట్టి పెట్టించి దాని బాధ్యత వాడికే అప్పజెప్పండి. నల్లగొండ ఎండల్లో పశువుకు, పక్షికి అంతకంటే పెద్ద సాయం లేదు. రెండు రోజులకోసారి నీళ్లు పారబోసి, తొట్టిని రుద్ది కడగాలి. లేకపోతే అందులో దోమలు పెరిగి వీధి మొత్తానికి డెంగీ వస్తుంది.

ప్రశ్న: రోడ్డు మీద దొరికిన పిల్లికూనకు ఒళ్లు కాలిపోతోంది. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ పావు బిళ్ల వేయవచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: వేయకూడదు. పిల్లి కాలేయం పారాసిటమాల్‌ను విరిచి బయటకు పంపలేదు. కొంచెం మోతాదు కూడా ప్రాణం తీయవచ్చు. ఈ జవాబు అచ్చయ్యేలోపే వేసి ఉంటే, చిగుళ్లు గోధుమ రంగుకో నీలం రంగుకో మారాయా, మొహం వాచిందా చూడండి. అవేమీ కనిపించకపోయినా పిల్లిని, బిళ్లల అట్టను పట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పోండి. దీనికి విరుగుడు మందు ఉంది. ఎంత త్వరగా పడితే అంత మంచిది.