పాత ల్యాండ్ క్రూజర్‌కి ఎయిర్ బ్యాగులు వేసే ముందు

చి. శ్రీనుకి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలు రాత్రి రెండుసార్లు చూశాను. 1996 మోడల్ 80 సిరీస్ ల్యాండ్ క్రూజర్ ఇంత శుభ్రంగా దొరకడం అదృష్టమే. మెల్‌బోర్న్ వానల్లో తిరిగిన బండికి కింద తుప్పు లేకపోవడం ఇంకా మంచి సంగతి. కానీ క్యాంపర్ ట్రైలర్ తగిలించిన ఫోటోలో బండి వెనక కూలబడిపోయి, ముక్కు పైకెత్తుకుని ఉంది. అది చూసి నాకు నిద్ర పట్టలేదు. "ఎయిర్ బ్యాగులు తెప్పించాను మామయ్యా, ఆదివారం నేనే బిగించుకుంటాను" అన్నావు. ప్రమాదంలో తెరుచుకునేవి కావు, వెనక స్ప్రింగుల లోపల పెట్టి గాలి కొట్టే సంచులు కదా. బిగించుకో. రెంచి పట్టడం వచ్చినవాడికి అది ఒక పూట పని. డబ్బా విప్పే ముందు మాత్రం ఇది మొత్తం చదువు.

ముందు ఆ వెనక ఎందుకు కూలబడిందో తేల్చుకో. ట్రైలర్ విప్పేసి, సామాను దించేసి, సమంగా ఉన్న నేల మీద బండి నిలబెట్టు. టేపు తీసుకుని వెనక చక్రం నడిమధ్య నుంచి పైనున్న మడ్‌గార్డ్ అంచు వరకు కొలువు. రెండు పక్కలా కొలిచి గోడ మీదో పుస్తకంలోనో రాసిపెట్టు. నా బండికి ఖాళీగా 520 మిల్లీమీటర్లు వచ్చేది. సామాను, ట్రైలర్ పెట్టాక 455కి దిగేది. నీకు ఖాళీగా ఉన్నప్పుడే ముందుకంటే వెనక బాగా తక్కువ వచ్చినా, ఒక పక్క కుంగినట్టు ఉన్నా, స్ప్రింగులు అలిసిపోయాయన్నమాట. ముప్పై ఏళ్ల స్ప్రింగు లోపల బ్యాగు పెట్టి గాలి కొడితే ఆ జబ్బు కనపడకుండా పోతుంది, నయం కాదు. ముందు కొత్త స్ప్రింగులు వేయించు, బ్యాగు సంగతి తర్వాత. షాక్ అబ్జార్బర్ల మీద నూనె చెమ్మ కనిపిస్తే వాటినీ మార్చు. బ్యాగుతో స్ప్రింగు గట్టిపడుతుంది, పైకి తన్నే ఆ జోరును పట్టి ఆపాల్సింది షాకులే.

రెండో మాట. ఇది నేను ఎవరికి చెప్పినా సరిగ్గా వినరు, నువ్వైనా విను. బ్యాగు వేసినందువల్ల బండి మోయగల బరువు ఒక్క కిలో కూడా పెరగదు. బండి ప్లేటు మీద రాసిన జీవీఎం అంకె, అంటే మనుషులు, సామానుతో కలిపి బండి ఉండదగ్గ గరిష్ఠ బరువు, అలాగే ఉంటుంది. ఇరుసు అదే, బేరింగులు అవే, బ్రేకులు అవే, టైర్లు అవే. బ్యాగు చేసేదల్లా కుంగిన బండిని మళ్లీ సమంగా నిలబెట్టడం. అందుకని ప్రయాణం ముందు రోజు నీళ్లు, డీజిల్ నింపి, అమ్మాయినీ పిల్లల్నీ ఎక్కించుకుని కాటాకి వెళ్లు. బండి మొత్తం బరువు ఒకసారి, వెనక ఇరుసు ఒక్కటే ఒకసారి తూయించు. ఆ రెండు అంకెలూ ప్లేటు కిందికి వచ్చాకే బ్యాగు గురించి ఆలోచించు.

ట్రైలర్ బరువు లెక్క ఇంకాస్త మోసం చేస్తుంది. నీ బండి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2850 మిల్లీమీటర్లు. ట్రైలర్ తగిలించే ఇనప గుండు, అదే టో బాల్, వెనక ఇరుసుకు సుమారు 1200 మిల్లీమీటర్లు వెనకగా ఉందనుకో. ట్రైలర్ ఆ బాల్ మీద 200 కిలోలు మోపితే వెనక ఇరుసు మీద పడేది 200 కాదు, 284. మిగతా 84 ఎక్కడివి? ముందు చక్రాల మీంచి ఎత్తుకొచ్చినవి. స్టీరింగ్ తేలిపోయినట్టు ఉందని నువ్వు అన్నది అందుకే. బ్యాగులో గాలి కొడితే ముక్కు కిందికి దిగుతుంది, కంటికి అంతా సర్దుకున్నట్టే కనిపిస్తుంది. ఆ 84 కిలోలు మాత్రం ముందు చక్రాల మీదికి తిరిగి రావు. అవి రావాలంటే బరువు తగ్గించాలి, లేదా సామాను ముందుకు జరపాలి. నీళ్ల డబ్బాలు డిక్కీ చివర పెట్టావు కదూ, ఫోటోలో చూశాను. వాటిని వెనక సీటు వీపుకి ఆనించి పెట్టు.

ఇక పని విషయం. జాకీ ఎత్తేముందు ముందు చక్రాలు రెంటికీ, ముందూ వెనకా చెక్క దిమ్మెలు అడ్డం పెట్టు. హ్యాండ్ బ్రేక్ వేశాను కదా, గేరు పార్కింగులో ఉంది కదా అనుకోకు. హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. నీ బండి ఎప్పుడూ నాలుగు చక్రాలతో నడిచే రకం, మధ్యలో ముందు చక్రాలనీ వెనక చక్రాలనీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉంది. వెనక చక్రాలు గాలిలోకి లేవగానే హ్యాండ్ బ్రేక్‌కి నేల మీద పట్టు ఉండదు, పార్కింగ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే బండి ముందుకు దొర్లిపోగలదు. ఈ సంగతి తెలియక నేలకి జాకీని ఈడ్చుకుంటూ పోయిన బండిని కళ్లారా చూశాను. దాని కింద మనిషి లేడు కాబట్టి సరిపోయింది. ఆదివారం ఒంటరిగా చేయకు, పక్కన ఇంకొకరు ఉండాలి.

చాసిస్ కింద రెండు గట్టి స్టాండ్లు వేసి బండిని వాటి మీద కూర్చోబెట్టు. చక్రాలు విప్పు. జాకీని ఇరుసు కిందికి తెచ్చి ఆనించి, షాకుల కింది బోల్టులు తీసి, ఇరుసును వేలు వేలు చొప్పున దించు. దించుతున్నంతసేపూ చూపు మూడింటి మీద ఉండాలి. చాసిస్ నుంచి ఇరుసుకు వచ్చే బ్రేక్ హోస్, డిఫరెన్షియల్‌కి ఊపిరి ఇచ్చే సన్నటి పైపు, ఏబీఎస్ ఉంటే దాని వైరు. వీటిలో ఏదైనా బిగుసుకుంటున్నట్టు అనిపిస్తే అక్కడే ఆగు. బ్రేక్ హోస్ సాగితే బయటికి కనపడదు.

స్ప్రింగు వదులయ్యాక బ్యాగు లోపలికి ఎక్కించాలి. మెల్‌బోర్న్ చలికాలం, ఎముకలు కొరికే జూలైలో ఆ బ్యాగు చెక్కలా బిగుసుకుపోయి ఉంటుంది. బకెట్ వేడి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టు. లోపలి గాలంతా పిండేసి, మూత పెట్టి, తమలపాకు చిలక చుట్టినట్టు నిలువుగా మడిచి, సబ్బు నీళ్లు రాసి స్ప్రింగు చుట్టల మధ్య నుంచి తోసెయ్. స్క్రూడ్రైవర్‌తో మాత్రం పొడవకు, కంటికి కనపడని గీత చాలు దాని ప్రాణం తీయడానికి. స్ప్రింగు లోపల ముందే బంప్ స్టాప్ (ఇరుసు పైకి కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ) లాంటిది కనిపిస్తే ఆగి, నీ కిట్టు దానికి తగ్గదేనా అని కాగితం చూసుకో.

గాలి పైపు దగ్గరే నాకు దెబ్బ తగిలింది. మొదటిసారి పైపును కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించాను. దాని మూతి గుండ్రంగా లేకుండా కోడిగుడ్డులా నొక్కుకుపోయింది. ఫిట్టింగులోకి బాగానే దిగింది, ఇంటి దగ్గర చూస్తే గాలి కూడా నిలిచింది. ఎడారిలో ఊడ్నడట్టా ట్రాక్ అనే మట్టి రోడ్డు మీద విలియం క్రీక్ అనే చిన్న ఊరు చేరి, పొద్దున లేచి చూస్తే కుడి పక్క కూలబడి ఉంది. గాలి లేని బ్యాగుతో ముందు రోజు ఎంతసేపు నడిపానో తెలియదు. ఆ గతుకుల మీద స్ప్రింగు చుట్టలు దాన్ని కొరికి వదిలిపెట్టాయి. తీసి చూస్తే అరచేతి పొడవున చీలిక. మీ అత్తయ్య, పిల్లలు ఎండలో నిలబడి ఉంటే, ట్రైలర్‌లో సామాను సగం బండి ముందు సీట్ల వైపు మార్చి నిదానంగా వెనక్కి వచ్చాం. అప్పటి నుంచి పైపును కొత్త బ్లేడుతో, చెక్క మీద పెట్టి, నిట్టనిలువుగా ఒక్క కోత కోస్తాను. ఫిట్టింగులోకి ఆగేదాకా నెట్టి, ఒకసారి వెనక్కి లాగి చూస్తాను. తర్వాత గాలి కొట్టి, ప్రతి అతుకు మీదా సబ్బు నురగ రాయి. మన ఊళ్లో పంక్చర్ షాపతను ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి చూసినంత ఓపిగ్గా చూడు. ఒక్క బుడగ కూడా రాకూడదు.

రెండు బ్యాగులకూ రెండు వేరు పైపులు, రెండు వేరు వాల్వులు పెట్టు. ఒకే పైపుకి కలిపితే మలుపులో ఒక పక్క గాలి రెండో పక్కకి పారిపోతుంది, బండి ఇంకా ఒరుగుతుంది. సైలెన్సర్ పైపుకి కనీసం జానెడు దూరంలో పైపు పోనివ్వు. చాసిస్‌కి రాసుకునే చోట పాత హోస్ ముక్క తొడుగు. షాకుల బోల్టులు చివరి బిగింపు మాత్రం చక్రాలు నేల మీద ఆని, బండి బరువు పడ్డాకే. గాలిలో బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడి తొందరగా చిరుగుతుంది.

గాలి ఎంత అంటావు. నేను వేసుకున్న కిట్టుకి కనీసం 5 పీఎస్ఐ, గరిష్ఠం 35. నీ కాగితం మీద ఏముందో అదే నీకు ప్రమాణం. సామాను ముందు ఎక్కించు, తర్వాత గాలి కొట్టు, టేపుతో కొలుచుకుంటూ వెళ్లు. ఖాళీ బండి ఎత్తుకి కాస్త తక్కువలో ఆపెయ్. నాకు 20 దగ్గర 505 వచ్చేది, అక్కడితో సరి. బ్యాగులో పట్టే గాలి చాలా తక్కువ. గేజి పెట్టి తీసినప్పుడల్లా ఒకటి రెండు పాయింట్లు పోతాయి. పెట్రోల్ బంకు కంప్రెసర్ ఒక్క ఊపున పరిమితి దాటించేస్తుంది. సైకిల్ పంపుతో కొట్టు. ఇసుక తిన్నెలు, రాళ్ల గుంటలు వచ్చినప్పుడు చక్రం కిందికి సాగాలి కాబట్టి గాలి తగ్గించు. అయితే సున్నాకి దించకు, ఖాళీగా తిరిగే రోజుల్లో కూడా ఆ కనీసం 5 ఉండాల్సిందే.

ఎత్తు దగ్గర ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్తాను. వెనక ఇరుసు నుంచి పైకి ఒక కడ్డీ వెళ్లి చాసిస్ మీదున్న వాల్వుని కదుపుతుంది. బండి కుంగితే బరువుందని తెలుసుకుని అది వెనక బ్రేకులకి ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. నువ్వు బ్యాగులతో వెనక బాగా ఎత్తేస్తే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుంటుంది. నిండు బరువుతో, ట్రైలర్‌తో ఉన్నప్పుడే వెనక బ్రేకు తగ్గించేస్తుంది. కొత్త స్ప్రింగులతో ఎత్తు మారినా ఇదే సమస్య. బ్రేకులు తెలిసిన మెకానిక్‌కి చూపించి ఆ కడ్డీని సరి చేయించు, అది నువ్వు చేయకు. ఎత్తు మారితే హెడ్‌లైట్ల గురి కూడా మారుతుంది, అది మాత్రం నువ్వే గోడ మీద వేసి చూసుకోవచ్చు.

మొదటి 100 కిలోమీటర్లు ఊళ్లోనే తిరుగు. తర్వాత మళ్లీ కిందికి దూరి పైపులు, బోల్టులు చూడు. ఆ ఊడ్నడట్టా ట్రాక్ మొదలయ్యే మారీ ఊరి వైపు వెళ్లేటప్పుడు ఎలాగూ అడిలైడ్‌లో మా ఇంట్లో ఒక రాత్రి ఆగుతారు కదా. పడుకునే ముందు రెండు పక్కలా టేపు పెట్టి ఎత్తు రాసుకుందాం, తెల్లారి కాఫీకి ముందు మళ్లీ కొలుద్దాం. ఒక్క మిల్లీమీటరు దిగినా ఆ పైపు మళ్లీ కోసేదాకా నిన్ను కదలనివ్వను. నా దగ్గర కొత్త బ్లేడ్లు ఉన్నాయి, నువ్వు ఒక గజం పైపు ఎక్కువ కొనుక్కురా.

ఆశీస్సులతో,
మామయ్య