పదిహేడేళ్ళ బాబు, పద్నాలుగేళ్ళ పాప: మేరీల్యాండ్ హైస్కూలు సందేహాలు

ప్రశ్న: మావారికి మేరీల్యాండ్‌లో హెచ్-1బీ మీద ఉద్యోగం. జూలైలో మేమూ హెచ్-4 (ఆయన భార్యాపిల్లలకిచ్చే వీసా) మీద వస్తున్నాం. బాబుకి 17 నిండాయి, కూకట్‌పల్లిలో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ పూర్తయింది. పాపకి 14, తొమ్మిదో క్లాసులో చేరాలి. అక్కడ వేరే దేశాల నుంచి వచ్చిన 18, 19 ఏళ్ళవాళ్ళని కూడా తొమ్మిదో క్లాసులో కూర్చోబెడతారనీ, రాక్‌విల్‌లో ఘోరం జరిగిందనీ బంధువులు చెప్తున్నారు. వర్జీనియా వైపు ఇల్లు తీసుకోమంటున్నారు. పాపని ప్రైవేటులో వేయాలా? ఇంకొకరేమో బాబుని ఆ వయసులో బళ్ళో చేర్చుకోనే చేర్చుకోరంటున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో రెండు భయాలున్నాయి. పెద్ద వయసు వలస పిల్లల్ని బళ్ళో ఎందుకు చేర్చుకుంటున్నారని పాప గురించి ఒక భయం. పెద్ద వయసు వలస పిల్లాణ్ణి బళ్ళో చేర్చుకోరేమోనని బాబు గురించి ఇంకో భయం. రెండింటికీ జవాబు చెప్పే చట్టం ఒక్కటే. మేరీల్యాండ్‌లో 21 ఏళ్ళు నిండని పిల్లలకి ప్రభుత్వ బడి ఉచితం. అది మీవాడికి ఎంత హక్కో, గ్వాటెమాలా నుంచి నిన్న దిగిన కుర్రాడికీ అంతే హక్కు. గుడి క్యాంటీన్లో పులిహోర తింటూ జరిగే చర్చల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. అక్కడ 'వలస పిల్లలు' అంటే ఎప్పుడూ మనం కాని వాళ్ళే.

ముందు రాక్‌విల్ సంగతి. 2017 మార్చిలో రాక్‌విల్ హైస్కూల్లో, బడి నడుస్తున్న సమయంలో, అబ్బాయిల బాత్రూంలో ఒక 14 ఏళ్ళ అమ్మాయి మీద అత్యాచారం జరిగిందని ఇద్దరు విద్యార్థుల మీద కేసు పెట్టారు. ఒకరికి 18, ఒకరికి 17. ఇద్దరూ సెంట్రల్ అమెరికా నుంచి కొన్ని నెలల ముందే వచ్చినవాళ్ళు, ఇద్దరూ తొమ్మిదో క్లాసు. వైట్ హౌస్ ప్రెస్ మీట్ దాకా వెళ్ళిందా వార్త. తల్లిదండ్రుల సమావేశాల్లో 18 ఏళ్ళవాడు తొమ్మిదో క్లాసులో ఎందుకున్నాడని నిలదీశారు. మే నెలలో ప్రాసిక్యూటర్లు ఆ అత్యాచార అభియోగాలు వెనక్కి తీసుకున్నారు. సాక్ష్యాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు, కేసు నిలబడదు అన్నారు. మీ బంధువులకి మార్చి వార్త చేరింది, మే వార్త చేరలేదు.

అభియోగం పోయింది కాబట్టి తల్లిదండ్రుల ఆందోళన అంతా ఉత్తదే అని నేననను. క్లాసులు జరుగుతున్న వేళ బాత్రూముల దగ్గర పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా అని అడగడం నూటికి నూరుపాళ్ళూ సబబు. ఆ తర్వాత రాక్‌విల్ ఉన్న మాంట్‌గోమరీ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) తన హైస్కూళ్ళ భద్రతని సమీక్షించుకుంది కూడా. కానీ ఆ ప్రశ్నకీ, పిల్లలు ఏ దేశం నుంచి వచ్చారన్న ప్రశ్నకీ ముడిపెట్టిన చోటే చర్చ దారి తప్పింది. 2022 జనవరిలో ఇదే కౌంటీలో, మగ్రూడర్ హైస్కూలు బాత్రూంలో, ఒక 17 ఏళ్ళ విద్యార్థి 15 ఏళ్ళ విద్యార్థిని తుపాకీతో కాల్చాడు. ఆ తుపాకీ విడిభాగాలు కొని బిగించుకున్నది. దాన్ని ఇక్కడ గోస్ట్ గన్ అంటారు. రాక్‌విల్ గురించి అంత మాట్లాడేవాళ్ళలో మగ్రూడర్ పేరు ఎత్తేవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. బాత్రూమే కదా రెండు చోట్లా?

ఇక 18 ఏళ్ళవాడు తొమ్మిదిలో ఎందుకుంటాడంటే, అమెరికా హైస్కూల్లో క్లాసుని వయసు నిర్ణయించదు, క్రెడిట్లు నిర్ణయిస్తాయి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఒక్కో సబ్జెక్టు పాసైతే కొంత క్రెడిట్. మాంట్‌గోమరీ కౌంటీలో హైస్కూల్ పూర్తయిందని ఇచ్చే డిప్లొమాకి 22 క్రెడిట్లు కావాలి. ఊళ్ళో బడి మధ్యలో ఆగిపోయి, ఒక్క క్రెడిట్ కూడా చూపించలేని కుర్రాడు వస్తే వాడి లెక్క తొమ్మిదిలో మొదలవుతుంది. పేరుకి తొమ్మిదో క్లాసు గానీ, రోజులో కొంత భాగం వాళ్ళు ఇంగ్లీషు నేర్పే ఈఎస్ఓఎల్ తరగతుల్లో ఉంటారు. చదువు బాగా తెగిపోయినవాళ్ళ కోసం ఈ కౌంటీలో మెట్స్ అని విడిగా ఒక కార్యక్రమం కూడా ఉంది. మీ పాప ఇంగ్లీషు మీడియం, చేరేటప్పుడు పెట్టే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కుతుంది. కాబట్టి ఆ పిల్లలతో ఒకే గదిలో కూర్చునేది ఎక్కువగా జిమ్ పీరియడ్లోనో ఆర్ట్ క్లాసులోనో.

అసలు పద్నాలుగేళ్ళ పిల్లలూ పద్దెనిమిదేళ్ళవాళ్ళూ ఒకే కప్పు కింద ఉండటం ఇక్కడి హైస్కూల్ పద్ధతే. పన్నెండో క్లాసు పిల్లల్లో చాలామందికి జూన్ నాటికి 18 నిండుతాయి. అదే నడవా, అదే లంచ్, చాలాసార్లు అదే బస్సు. దాని గురించి ఎవరికీ టెన్షన్ లేదు, వాళ్ళు ఇక్కడే పుట్టినవాళ్ళు కాబట్టి.

వర్జీనియా సలహా వింటే నాకు నవ్వొచ్చింది. పన్నెండేళ్ళు దాటాక వచ్చి, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల్ని 22 ఏళ్ళలోపు దాకా బళ్ళలో చేర్చుకునే వీలు వర్జీనియా చట్టంలోనే ఉంది. మేరీల్యాండ్ కన్నా ఒక ఏడాది ఎక్కువ. పోటోమాక్ నది దాటితే మీకు ఒరిగేది ఏమీ లేదు, మీవారికి మాత్రం పొద్దునా సాయంత్రం ట్రాఫిక్‌లో చుక్కలు కనబడతాయి. ఆయన ఆఫీసు ఎటుంటే ఇల్లు అటు చూసుకోండి.

'చదువు చెప్పండి గానీ పెద్దవాళ్ళని విడిగా పెట్టి చెప్పండి' అనేవాళ్ళు మన సర్కిల్‌లో చాలామంది. పెన్సిల్వేనియాలోని లాంకస్టర్‌లో అలాగే చేశారు. శరణార్థులుగా వచ్చిన 18 నుంచి 21 ఏళ్ళ పిల్లల్ని అక్కడి మామూలు హైస్కూల్ మెకాస్కీలో కాకుండా, ఒక ప్రైవేటు సంస్థ నడిపే ఫీనిక్స్ అకాడమీ అనే బడికి పంపారు. రోజూ ఒళ్ళంతా తడిమి సోదా చేయడం, సంచులు తేనివ్వకపోవడం, ఇంగ్లీషు రానివాళ్ళకి పాఠాలు జెట్ స్పీడులో చెప్పేయడం. పిల్లలు కోర్టుకి వెళ్ళారు. భాష రాకపోవడాన్ని అడ్డంకిగా వదిలేయకూడదన్న 1974 నాటి ఫెడరల్ చట్టం ఆధారంగా 2016లో జడ్జి వాళ్ళని మెకాస్కీలోకి తీసుకోమన్నారు, 2017 జనవరిలో పై కోర్టూ అదే నిలబెట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలో యుటికా అనే ఊళ్ళోనూ 17 నిండిన శరణార్థి పిల్లల్ని హైస్కూల్లో చేర్చుకోవడం లేదని కేసులు పడి, చివరికి రాజీకి వచ్చారు. అందుచేత, బాబు వయసు చూసి బడివాళ్ళు పొమ్మంటారన్న భయం మీకక్కర్లేదు. ఎక్కడైనా గుమస్తా నోటిమాటగా 'అడల్ట్ ఎడ్యుకేషన్‌కి వెళ్ళండి' అంటే, అదే మాట రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. సాధారణంగా అక్కడితో దారికొస్తారు.

వీసా ఏమిటన్నది కూడా చేర్చుకోవడానికి షరతు కాదు. టెక్సాస్ కేసులో, ప్లైలర్ వర్సెస్ డో, 1982లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇది. తొమ్మిదిమందిలో ఐదుగురే అటు మొగ్గారు. కాగితాలు లేని పిల్లల కోసం వచ్చిన తీర్పే అయినా, మనం కౌంటర్ దగ్గర ఇంటి అద్దె అగ్రిమెంట్, పాస్‌పోర్ట్ చూపించి పని ముగించుకుంటున్నామంటే దాని చలవ కూడా ఉంది. పనిలో పని, ఇదీ చెప్పాలి: అన్నగారి అబ్బాయిని టూరిస్టు వీసా మీద తెచ్చి మన పిల్లలతో పాటు బళ్ళో వేద్దామనుకునేవాళ్ళు కనబడుతుంటారు. బడి అడగకపోవచ్చు, ఇమిగ్రేషన్‌వాళ్ళు ఊరుకోరు. విజిటర్ వీసా మీద చదువు కుదరదు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ప్రభుత్వ హైస్కూలంటే 12 నెలలకి మించకూడదు, అదీ ఖర్చంతా కట్టుకుని. హెచ్-4కి ఈ గొడవ లేదు.

ఇప్పుడు బాబు గురించి, ఎందుకంటే అసలు పని ఉన్నది అక్కడే. ఇంటర్ ఫస్టియర్ అయిందంటే లెక్కప్రకారం వాడు పన్నెండుకి వెళ్ళాలి. మీరూ అదే పట్టుబట్టాలనుకుంటారు, 'ఏడాది వృథా' అని. నేనైతే పదకొండు అడుగుతాను. పన్నెండులో వేస్తే ఆగస్టు చివర్లో బడి తెరుస్తారు, అక్టోబర్, నవంబర్లలో కాలేజీ అప్లికేషన్లు మొదలు. సిఫారసు ఉత్తరం రాసే టీచర్‌కి వాడి పేరు పలకడం కూడా వచ్చి ఉండదు. పైగా అమెరికా చరిత్ర, ఇక్కడి ప్రభుత్వ విధానం, ఇంగ్లీషు సబ్జెక్టులు, 75 గంటల సమాజ సేవ, ఇవన్నీ డిప్లొమాకి కావాలి. సేవ గంటలు ఆలస్యంగా వచ్చినవాళ్ళకి తగ్గిస్తారు, చరిత్రని తగ్గించరు. మన కార్పొరేట్ కాలేజీలో లెక్కలూ ఫిజిక్సూ మూడేళ్ళకి సరిపడా రుద్దేసి ఉంటారు గానీ ఆర్ట్, ఆటల పీరియడ్లు ఎక్కడివి? మార్కుల కోసం తీసుకున్న సంస్కృతం మాత్రం ఇక్కడ పరభాష క్రెడిట్ కింద అక్కరకి రావచ్చు, తప్పక అడగండి.

క్రెడిట్లు లెక్కకట్టేవాళ్ళు ముందు అడిగేది తొమ్మిదో క్లాసు ప్రోగ్రెస్ కార్డు. పదో క్లాసు మెమో, ఇంటర్ మెమో అందరూ లామినేషన్ చేయించి తెస్తారు. తొమ్మిదోది ఎవరూ దాచరు, మన దగ్గర దానికి విలువ లేదు కాబట్టి. ఇక్కడ హైస్కూల్ తొమ్మిదితోనే మొదలు, అది లేకపోతే ఒక ఏడాది క్రెడిట్లు గాల్లో కలుస్తాయి. మాకు తెలిసిన ఒక అబ్బాయిని ఇదే కారణంగా పదిలో వేశారు. వాళ్ళ తాతగారు పాత బడి చుట్టూ తిరిగి, హెడ్మాస్టర్ సంతకంతో కాగితం సంపాదించి పంపాక మార్చారు. మీరు బయల్దేరేలోపే బడికి వెళ్ళి, సబ్జెక్టులవారీ మార్కులతో, స్టాంపుతో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.

పదకొండులో చేరితే వాడికి అక్కడే 18 నిండుతాయి, చుట్టూ 16 ఏళ్ళ పిల్లలు. రేపు ఏ తల్లో 'ఆ ఇండియా కుర్రాడికి 18 అట, మా అమ్మాయి క్లాసులో ఏం పని?' అని అడిగితే, అడిగినావిడ తప్పూ కాదు, వాడి తప్పూ కాదు. అందుకని విమానం ఎక్కేముందే వాడితో వాళ్ళ నాన్నగారు కూర్చుని మాట్లాడాలి. 18 దాటాక ఏం చేసినా పెద్దవాళ్ళ కోర్టే, పెద్ద నేరాలకైతే 18 నిండకముందే అక్కడికి తీసుకెళ్ళవచ్చు. 18 లోపు పిల్లల అసభ్యమైన ఫొటో ఫోన్లో ఉన్నా, ఇంకొకరికి పంపినా నేరం, వీసాకే ఎసరు. ఫ్రెండ్సు మధ్య మనవాళ్ళు రోజుకి పదిసార్లు 'చంపేస్తా రా' అనుకుంటారు. ఇక్కడ ఆ మాట ఇంగ్లీషులో అంటే ప్రిన్సిపల్ గదిలో తేలతాడు. హాస్టల్లో అలవాటైన తోపులాటలు, జూనియర్లని ఏడిపించడం అన్నీ కూకట్‌పల్లిలోనే వదిలేసి రావాలి. ఇంకోటి, 18 నిండగానే వాడి బడి రికార్డుల మీద హక్కు వాడిదే అవుతుంది. మీ మీద ఆధారపడ్డవాడిగా ట్యాక్సుల్లో చూపిస్తుంటే బడివాళ్ళు మీకూ చూపించవచ్చు. అలాగే హెచ్-4 వయసు 21 దాకానే. 19కి హైస్కూల్ ముగిస్తే కాలేజీ మధ్యలో ఎఫ్-1కి మారాల్సి వస్తుందని ఇప్పుడే గుర్తుంచుకోండి.

పాప విషయంలో ప్రైవేటు జోలికి పోవద్దు. ఆ డబ్బుతో అద్దె కట్టుకోవచ్చు. బడి చూడటానికి వెళ్ళినప్పుడు 'ఇక్కడ ఎంతమంది ఇమిగ్రెంట్స్ ఉన్నారు' అని అడగకండి, అడిగేది మనమే కనక అసహ్యంగా ఉంటుంది. క్లాసు టైంలో బాత్రూంకి వెళ్ళడానికి పాస్ పద్ధతి ఏమిటి, నడవాల్లో సెక్యూరిటీ సిబ్బంది ఎంతమంది, ఏ వేళల్లో బాత్రూములు తాళం వేస్తారు, వేధింపుల మీద ఫిర్యాదు వస్తే ఎన్నాళ్ళలో తల్లిదండ్రులకి చెప్తారు, టైటిల్ నైన్ (బళ్ళలో లైంగిక వివక్ష, వేధింపులు కూడదనే ఫెడరల్ చట్టం) బాధ్యతలు చూసేది ఎవరు, ఇవి అడగండి. చివరి రెండింటికీ తడుముకోకుండా జవాబిచ్చే బడి బాగా నడుస్తున్నట్టు. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయడానికి రాష్ట్రమంతటికీ సేఫ్ స్కూల్స్ మేరీల్యాండ్ అని ఒకటుంది, దాన్ని పాప ఫోన్లోనూ బాబు ఫోన్లోనూ పెట్టండి. పాపకి ఎవరైనా ఇబ్బంది కలిగిస్తే వాడు ఏ దేశంవాడైనా, మన తెలుగువాడైనా సరే, 'పరువు పోతుంది' అని లోపల దాచుకోనక్కర్లేదని మీ నోటితో చెప్పండి. మన ఇళ్ళల్లో ఆడపిల్లలు అది ఊహించుకోరు, చెప్తేనే నమ్ముతారు.

విదేశాల నుంచి వచ్చే పిల్లల్ని ఈ కౌంటీలో నేరుగా బళ్ళో చేర్చుకోరు. ముందు రాక్‌విల్‌లోనే ఉన్న కౌంటీ అడ్మిషన్ల ఆఫీసుకి ఇద్దర్నీ తీసుకెళ్ళాలి. ఆగస్టులో అక్కడ జనం కిటకిటలాడతారు. ఇంటి అగ్రిమెంట్ చేతికి రాగానే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. టీకాల కార్డులో చికెన్‌పాక్స్ రెండో డోసు, మెనింజైటిస్ టీకా మనవాళ్ళకి తరచూ మిస్సవుతాయి. హైదరాబాద్‌లోనే వేయించి, డాక్టర్‌తో ఇంగ్లీషులో తేదీలు రాయించి తెచ్చుకోండి.