ల్యాప్‌టాప్‌లో కొత్త సైటు, ఫోన్‌లో పాతదే!

ప్రశ్న: మాది తెనాలిలో ప్రింటింగ్ ప్రెస్. ఆర్డర్లు తీసుకునే సబ్‌డొమైన్‌ను పాత హోస్టింగ్ నుంచి కొత్తగా అద్దెకు తీసుకున్న సర్వర్‌కి మార్చాను. డీఎన్ఎస్‌లో (సైటు పేరుకు ఏ సర్వరో చెప్పే చిట్టాలో) ఎ రికార్డు మార్చి మూడు రోజులైంది. ఇంట్లో వైఫైలో కొత్త సైటే వస్తోంది, ఫోన్‌లో మొబైల్ డేటా ఆన్ చేస్తే మాత్రం పాతదే. నేమ్ సర్వర్లే మార్చేయమని మా తమ్ముడు అంటున్నాడు. మార్చేయనా?

జవాబు: వద్దండీ, ఆగండి. నేమ్ సర్వర్లు మార్చారంటే ఒక్క సబ్‌డొమైన్‌తో పోదు, డొమైన్ చిట్టా మొత్తం ఇంకోచోటికి వెళ్తుంది. అక్కడ ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఎటు వెళ్లాలో చెప్పేవి) మళ్లీ రాసుకోకపోతే మీకు రావాల్సిన మెయిల్స్ చడీచప్పుడు లేకుండా ఆగిపోతాయి.

మూడు రోజులైందంటే ఇక కాష్, అంటే పాత అడ్రస్‌ను నెట్‌వర్కులు గుర్తుపెట్టుకోవడం, అనుకోలేం. అలా గుర్తుపెట్టుకునే గడువు (టీటీఎల్) చాలాచోట్ల 3600 సెకన్లు, అంటే గంట. 86400 పెట్టినా ఒక్క రోజే. నా అనుమానమంతా ఏఏఏఏ రికార్డు మీద. ఎ రికార్డులో పాత తరహా ఇంటర్నెట్ అడ్రస్ (ఐపీవీ4) ఉంటుంది, ఏఏఏఏలో కొత్త తరహాది (ఐపీవీ6). పాత హోస్టింగ్ వాళ్లు రెండూ పెట్టి ఉంటారు, మీరు ఒకటే మార్చారు. జియో లాంటి నెట్‌వర్కుల్లో ఐపీవీ6 బాగా వాడకంలో ఉంది, అది దొరికితే ఫోన్ అటే మొగ్గుతుంది, మీ ఇంటి వైఫైలో బహుశా ఐపీవీ4 ఒక్కటే ఉండి ఉంటుంది. దీని మూలంగా నేనూ ఒకసారి రాత్రంతా రూటర్‌ని తిట్టుకున్నాను, పాపం దాని తప్పేం లేదు.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్ఎస్‌లుకప్ (nslookup) అని కొట్టి, పక్కనే సబ్‌డొమైన్ పూర్తి పేరు ఇవ్వండి. జవాబులో మీ సబ్‌డొమైన్ పేరు కింద కోలన్లతో పొడవాటి అడ్రస్ కనిపిస్తే దొంగ దొరికినట్టే. కొత్త సర్వర్‌కి ఐపీవీ6 లేకపోతే ఆ రికార్డు తీసేయండి. ఉంటే కొత్తది రాయండి, కానీ సైటు నడిపే సాఫ్ట్‌వేర్ అపాచీయో ఇంజిన్ఎక్సో ఏది వాడుతున్నా అది ఐపీవీ6 మీద కూడా వినేలా సెట్ చేశాకే.

సైటు భద్రతకు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ తీసుకోబోతే ఫెయిలైందా? అదీ ఈ బాపతే. ఏఏఏఏ ఉంటే, సైటు మీదేనా అని చూడటానికి వాళ్లు ముందు ఆ దారినే వస్తారు, వచ్చి మీ పాత సర్వర్ తలుపు కొడతారు.

పాత ఖాతా అప్పుడే మూసేయకండి. ఈ మూడు రోజుల్లో ఫోన్లనుంచి ఆర్డర్ పెట్టిన వాళ్లలో చాలామందివి అక్కడే పడి ఉంటాయి, ముందు అవి చూసుకోండి.